తీగ మెలి

"గాలాలు ఎవరు కడతారు?" అని అడిగాడు చేపల ఆఫీసరు.

"నేనే సార్," అన్నారు మా ఆయన.

నేను అప్పుడే టీ తెచ్చి పెడుతున్నాను. నా రెండు వేళ్లకు గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి. ఆఫీసరుకు టీ గ్లాసు మాత్రమే కనబడింది.

ట్యూనా చేపల కోసం వేసే గాలాలకు సొరచేపలూ తగులుకుంటున్నాయట. ఉక్కు తీగను కొరకలేక, కదలలేక, ఊపిరాడక చస్తున్నాయట. గాలానికి తీగ బదులు నైలాన్ దారం కడితే కొరుక్కుని బతికిపోతాయని ఆఫీసరు ఓపిగ్గా చెప్పాడు. మా ఆయన అంతకన్నా ఓపిగ్గా తల ఊపి, ఇకనుంచి నైలానేనని సంతకం పెట్టారు. ఆఫీసరు నైలాన్ చుట్టలు ఇచ్చి వెళ్లాడు.

గేటు వేసి రాగానే మా ఆయన, "తీగే కట్టు," అన్నారు. "పడ్డ సొరను వదులుకోడానికి మనకేమైనా పిచ్చా?"

"సంతకం పెట్టారు కదా."

"సొర మీ పుట్టింటి చుట్టమా?"

కూరగాయలు తరుగుతున్న అత్తగారు నవ్వారు.

ఎనిమిదేళ్లుగా, బోటు వెళ్లిన ప్రతిసారీ నాలుగొందల గాలాలు కడుతున్నాను. వంటకీ బట్టలకీ మధ్య. దాన్ని మా ఇంట్లో పని అనరు. "తీరిగ్గా కూర్చుని ఏదో కడుతుంటుంది," అంటారు అత్తగారు, నేను లేసు అల్లుకుంటున్నట్టు. తీగను మూడుసార్లు మెలిపెట్టి కొస లోపలికి దోపుతాను, బోటు మీద వాళ్ల చేతులకు గుచ్చుకోకూడదని. నా చేతుల సంగతి ఎవరూ అడగలేదు.

పోయిన నెల రేవుకు క్యారియర్ తీసుకెళ్లినప్పుడు ఒక సొరపిల్లను చూశాను. అమ్మకానికి రెక్కలు కోసి పక్కకు తోసేశారు. నోట్లో తీగ అలాగే ఉంది. కొరికి కొరికి ముందు పళ్లు విరిగిపోయాయి. తీగ మీద గీత కూడా పడలేదు. కొస లోపలికి దోపి ఉంది. "గట్టి కట్టు," అని నవ్వారు మా ఆయన. పట్టేది వాళ్లు, కోసేది వాళ్లు, ఆఫీసరు అడిగితే కట్టేదీ వాళ్లే. ఆ నోట్లో ఉన్నది మాత్రం నా చెయ్యి.

బయల్దేరే రోజు పొద్దున ఆయన గాలాల బుట్ట మూత తీశారు. నాలుగొందలకూ నైలానే.

"ఏంటిది?"

"మీరు సంతకం పెట్టింది."

"తమాషాలొద్దు. గంటలో బోటు కదలాలి. విప్పేసి తీగ కట్టు."

"కట్టను."

"మొగుడికి ఎదురు చెబుతావా?" అన్నారు అత్తగారు.

నేను తీగ చుట్టా, కటింగ్ ప్లేయరూ తెచ్చి ఆయన ముందు పెట్టాను.

ఆయన విసురుగా కూర్చుని తీగను అటు తిప్పారు, ఇటు తిప్పారు. మెలి జారిపోయింది. రెండోసారి కొస వేలిలో దిగింది. నెత్తురు చప్పరిస్తూ, నా మొహం చూడకుండా, "దీన్ని ఎక్కడ మొదలుపెడతారు?" అని అడిగారు.

నేను నైలాన్ గాలాల బుట్టకు మూత పెట్టి, ఆయన వైపు జరిపాను.