పై పెట్టె, కింది పెట్టె

టికెట్ల మనిషికి ఈ ఉద్యోగం కూడా తప్పిపోతే ఇక దొరికేది లేదు. సినిమా హాలు మూతబడ్డాక అతను ఎక్కని గుమ్మం లేదు. "మీ వయసుకి..." అని మొదలుపెట్టి, ఆ మాట పూర్తి చేసే ఓపిక కూడా ఎవరికీ లేకపోయింది. బతుకంతా చెయ్యి పట్టేంత కంతలోంచి జనంతో మాట్లాడినవాడు, మొహం చూపించి పని అడగడం ఎక్కడ నేర్చుకుంటాడు, పాపం! ఇన్నాళ్లకి ఒక కంపెనీ మాట్లాడదామంది. ఇంట్లోనే కూర్చుని, ఫోన్లు చేసేవాళ్ల తిట్లు విని, మెత్తగా జవాబు చెప్పాలట. హౌస్‌ఫుల్ బోర్డు పెట్టాక తిన్న తిట్ల ముందు ఇవో లెక్కా?

షరతు ఒక్కటే. ఇంటర్వ్యూ ఇంటి నెట్ మీదే జరగాలి. మధ్యలో లైను తెగిందా, ఆ ఇంటి నుంచి పని సాగదని రాసేసుకుంటారు. ఇక అంతే సంగతులు.

ఉద్యోగం వస్తే భార్య రాత్రి షిఫ్టు మానేస్తుంది. ఆస్పత్రి దుప్పట్లు ఉతికే చోట పగలొక షిఫ్టు, రాత్రొక షిఫ్టు చేసి ఆవిడ మోకాళ్లు వాచిపోయాయి. పొద్దున్నే ఆ కాళ్లకి కాపడం పెడుతుంటే అతనికి ప్రాణం ఉసూరుమంటుంది.

నెట్ అన్నగారిది. అన్నా వదినా పై వాటాలో ఉంటారు. తీగ వాళ్ల హాల్లో రౌటర్‌కి వస్తుంది. అందులోంచి ఒక వైరు కిటికీలోంచి కిందికి దిగి, ఇతని గదిలో ఉన్న చిన్న రౌటర్‌కి చేరుతుంది. వదిన వాటిని పై పెట్టె, కింది పెట్టె అంటుంది. ఆవిడ నోట 'మాది' అన్న మాట ఎన్నడూ రాలేదు. నీళ్ల ట్యాంకూ రెండు వాటాలకీ ఒకటే. కిందివాళ్లకి పనుందంటే చాలు, పైన కుళాయిలన్నీ కట్టేసి కూర్చుంటుంది. అలా కడితే కింద ధార జోరుగా వస్తుందని ఆవిడకి తెలుసు.

ఇంటర్వ్యూ రోజు అన్న బస్సు డ్యూటీలో ఉన్నాడు. వదిన మెట్ల మీంచి తొంగి చూసింది.

"ఏం కంగారు పడకయ్యా! నేనలా బజారుకెళ్లొస్తా. పైన అడుగుల చప్పుడు కూడా ఉండదు. నీ ఇష్టం వచ్చినంతసేపు మాట్లాడుకో."

అడిగి తెచ్చుకున్న లాప్‌టాప్ ముందు అతను కూర్చున్నాడు. పైన ఇస్త్రీ చొక్కా, కింద పాత నిక్కరు. నడుము కింద ఎవరు చూడొచ్చారు! తెర మీదికి ఒకమ్మాయి వచ్చింది. "మీ గురించి చెప్పండి సార్" అంది. సార్ అనిపించుకుని ఎన్నాళ్లయిందో. గొంతు సవరించుకున్నాడు. పైన తలుపు తాళం పడ్డ చప్పుడైంది. ఇక్కడ ఆ అమ్మాయి మొహం నోరు సగం తెరిచి అలాగే ఆగిపోయింది.

"హలో? అమ్మా?"

కింది పెట్టె దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. లాప్‌టాప్‌లో సిగ్నల్ నిండుగా చూపిస్తోంది. నెట్ మాత్రం చుక్క రావడం లేదు. పెట్టె ఆపి మళ్లీ వేశాడు, వైరు ఊడదీసి పెట్టాడు. మెట్లెక్కి పరిగెత్తితే తాళం. వదినకి ఫోన్ చేస్తే ఆ ఫోను తలుపు వెనకే మోగింది. కింది వాటాలో సెల్ సిగ్నల్ అందదు. ఏమైతే అదైందని లాప్‌టాప్ చంకన పెట్టుకుని, నిక్కరుతోనే వీధిలోకి ఉరికి, గేటు పక్క గోడ మీద పెట్టాడు. ఫోను నెట్ మీద ఎలాగో కలిసింది.

"ఇంట్లో నుంచే మాట్లాడాలన్నాం కదా సార్?"

"ఇంట్లోనే ఉన్నానమ్మా. అంటే... ఇంటి ముందే."

వెనక లారీవాడు హారను మీద చెయ్యి తియ్యలేదు. ఆ అమ్మాయి మర్యాదస్తురాలు. సారీ చెప్పి మరీ పెట్టేసింది.

సంచీలతో వదిన వచ్చేసరికి అతను మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"జోరుగా వచ్చిందా నెట్? రాక చస్తుందా! వెళ్లేముందు పై పెట్టె ప్లగ్గు పీకేసి పోయా. ఈ పూట మనకెందుకు, మొత్తం కింది పెట్టెకే పోనీ అని!"

ఎంత పని చేశావు వదినా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎండకి కందిపోయిన ఆ మొహం సంతోషంతో వెలిగిపోతోంది. చెబితే ఈవిడ అన్నం ముట్టదు. బతికున్నంతకాలం తల బాదుకుంటుంది. తన మంచి కోరి ఇలా ఎండలో పడి తిరిగినవాళ్లు ఇంకెవరున్నారు?

"బాగా జరిగింది వదినా. వచ్చినట్టే."

గేటు కిర్రుమంది. పగటి షిఫ్టు దిగి భార్య కుంటుకుంటూ వస్తోంది. అతను లేచేలోపే వదిన కేకేసింది.

"ఏమే, నీ మొగుడికి ఉద్యోగం వచ్చేసిందే!"

'వచ్చినట్టే'కి తోక కత్తిరించి పారేసింది మహాతల్లి.

భార్య అతని మొహంలోకి చూసింది. అతను చూపు తిప్పుకున్నాడు. సిగ్గనుకుంది కాబోలు. గోడ పట్టుకుని కింది మెట్టు మీద కూలబడి, నవ్వుతూ ఏడ్చింది. కళ్లు తుడుచుకుని ఫోను తీసింది.

"ముందు ఆ సూపర్‌వైజర్‌కి చెప్పేస్తానుండు. నా జాగాకి పదిమంది లైన్లో ఉన్నారని రోజూ దెప్పుతాడు."

"ఆగు," అన్నాడతను. అప్పటికే అవతల ఫోను ఎత్తేశారు.

"సార్, నేనేనండీ," అంటోంది ఆవిడ, నవ్వు ఆపుకోలేక. "ఈ రాత్రి నుంచి నేను రాను. ఇంకెవరినైనా పెట్టేసుకోండి."