పదమూడు ఓవర్ల రంజీ రాజు

నా రంజీ జీవితం మొత్తం ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: మ్యాచ్ ఒకటి, ఓవర్లు పదమూడు, ఇచ్చిన పరుగులు డెబ్బై ఎనిమిది, వికెట్లు సున్నా. బ్యాటింగ్‌కి పదకొండోవాడిగా దిగాను. నేను ఒక్క బంతి ఆడకముందే అవతలివాడు అవుటయ్యాడు. అంటే నన్నెవరూ అవుట్ చేయలేదు, నేనూ ఎవరినీ అవుట్ చేయలేదు. ఇంత అహింసగా క్రికెట్ ఆడినవాడు మా భీమవరం చుట్టుపక్కల మరొకడు లేడు.

అది తొంభై ఆరు. మా నాన్న శివరామరాజు గారు వరిచేలు రొయ్యల చెరువులుగా తవ్విస్తున్న రోజులు. ఈ శ్రీనివాసరాజు వేసే బంతి కంటికి కనబడదని ఊళ్ళో అందరూ నమ్మేవారు. అందరికంటే గట్టిగా నేను నమ్మాను. రాష్ట్ర రంజీ జట్టులో అసలు బౌలర్‌కి మడమ బెణికితే నన్ను పిలిచారు. మ్యాచ్ రాజమండ్రిలో. ఒక్క వికెట్ తీస్తే తర్వాతి మ్యాచ్‌కీ ఉంచుతామని మేనేజర్ అచ్చిబాబు గారు ముందే చెప్పారు. ఆ ఒక్క వికెట్ కోసం నాకు నిద్ర పట్టలేదు.

మా అమ్మ బుల్లెమ్మకీ పట్టలేదు. ఆవిడ బాధ వేరు. కొడుకు ఆడే చోటికి పొరుగు రాష్ట్రం నుంచి మనుషులొస్తుంటే వాళ్ళు హోటల్ తిండి తినడమేమిటని. అచ్చిబాబు గారిని ఫోన్లో ఒప్పించి, కోడి పలావు, రొయ్యల ఇగురు, గడ్డపెరుగు, పూతరేకులు రెండు కార్లకెత్తించి మైదానానికి వచ్చేసింది.

పొద్దున నేను ఏడు ఓవర్లు వేశాను. బంతి వేగంగానే వెళ్ళింది, ఎక్కువగా బౌండరీకి. లంచ్‌కి షామియానా కింద అరిటాకులు వేశారు. మా ఇళ్ళలో అతిథి వద్దంటే అది వద్దని ఎవరూ అనుకోరు. మొహమాటమనుకుని ఇంకాస్త వేస్తారు. అమ్మ అలాగే వేసింది.

"మొహమాటపడకండి బాబూ, ఇంకొంచెం వేసుకోండి," అంది వాళ్ళ ఓపెనర్‌తో.

అతనికి తెలుగు రాదు. ఆకు మీద రెండు చేతులూ అడ్డుపెట్టి, సగం వదిలేసి లేచిపోయాడు. మిగతావాళ్ళూ అంతే. అమ్మ నొచ్చుకుని వాళ్ళ వాటా కూడా మావాళ్ళకే వడ్డించింది. ఆకులో వదిలేయడం తప్పని వింటూ పెరిగిన మావాళ్ళు వేసిందల్లా తిన్నారు. లంచ్ తర్వాత ఎండలో పరుగెత్తాల్సింది మేమేనన్న సంగతి ఎవరికీ తట్టలేదు. నాకైతే అసలు తట్టలేదు. నేను పలావు అడిగి మరీ వేయించుకున్నాను.

ఆ తర్వాత నా రన్నప్ సగానికి తగ్గింది. ఆయాసపడుతూ వేసిన ఒక బంతి నేననుకున్నదానికంటే బాగా నెమ్మదిగా వెళ్ళింది. ఓపెనర్ తొందరపడి కొట్టాడు. బంతి ఆకాశంలోకి లేచింది. కింద మా గణేష్‌బాబు ఉన్నాడు. వాడు నాలుగడుగులు వెనక్కి వేస్తే చాలు. వాడు పైకి చూశాడు, ఒక అడుగు వేశాడు, త్రేన్చాడు. బంతి వాడి వెనకాల పడింది.

"సారీ రాజు గారూ," అన్నాడు దగ్గరికొచ్చి. "ఆఖరి పూతరేకు వద్దంటే అమ్మగారు వినలేదండి."

ఎవరినని తిట్టను? మళ్ళీ బంతి అందుకుని వెళ్ళాను. అలాంటి అవకాశం మరి రాలేదు.

కొన్నాళ్ళకి అచ్చిబాబు గారు ఫోన్ చేశారు. తర్వాతి మ్యాచ్ కాకినాడలో.

"మీ ప్లేసులో పాత కుర్రాడు తిరిగొచ్చేశాడండి," అన్నారు. కాసేపు నసిగారు. "ఏమీ అనుకోకపోతే, భోజనాలు మాత్రం అమ్మగారే పంపాలని మనవాళ్ళందరూ అడుగుతున్నారండి."

అంటే మా ఇంట్లోంచి సెలెక్టయింది అమ్మ. నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది.

"నువ్వు ఆడుతున్నావు కదా నాన్నా?" అని ఆవిడ అడిగితే ఊఁ అన్నాను. ఆ సంబరంలో కజ్జికాయలు కూడా చేసింది. మ్యాచ్ రోజు తెల్లబట్టలు వేసుకుని, గిన్నెలతోపాటు నేనూ కారెక్కాను. నా ఆట చూడాలని ఆవిడ వెనక కారులో బయల్దేరిందని నాకు తెలియదు.

లంచ్‌లో పలావు బేసిన్ పట్టుకుని వడ్డిస్తుంటే ఎదురుగా అమ్మ నిలబడింది.

"నువ్వు తినకుండా ఇదేంటిరా?"

"ఇవాళ నేను ఆడట్లేదమ్మా."

ఆవిడ బేసిన్ నా చేతిలోంచి తీసుకుని, వరస చివర ఒక ఆకు వేసి కూర్చోమంది.

"ఇది ఆడేవాళ్ళకమ్మా," అన్నాను.

"నేను వండింది నీకు. వాళ్ళు నీతో వచ్చినవాళ్ళు," అంది.

నేను కూర్చున్నాను. కళ్ళు తుడుచుకుంటే అందరూ చూస్తారని తల దించుకుని తిన్నాను.