టైపు గదికి ఇవతలా, అవతలా?

ఆ ఆఫీసు భవనంలో పైపులు బాగుచేసే మనిషిని అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. బాబాయికి అక్కడి గదులన్నీ పేర్లతో తెలుసు గానీ నంబర్లతో తెలియవు. ఇప్పుడదే ఆయన కొంప ముంచేలా ఉంది.

పూర్వం ఆఫీసు వాళ్ళే పనివాళ్ళని పెట్టుకునేవారు. తర్వాత ఊడ్చడం, తుడవడం, పైపులు, కరెంటు అన్నీ బయటి కంపెనీకి కాంట్రాక్టుకిచ్చి చేతులు దులుపుకున్నారు. కంపెనీలు మారాయి, చొక్కాల రంగులు మారాయి, బాబాయి మాత్రం అక్కడే ఉన్నాడు. ఇది నాలుగో కంపెనీ. దీని హెల్ప్‌డెస్క్ ఎక్కడో వేరే ఊళ్ళో ఉంటుంది. వాళ్ళు ఫోన్లో గది నంబరు చెప్పిన అరగంటలో పని అయిపోవాలి. నెలలో మూడుసార్లు ఆలస్యమైతే ఇక ఇంటికే. ఇప్పటికే రెండయ్యాయి. ఇవాళ నెలాఖరు, ఈ ఒక్క రోజూ గడిస్తే చాలనుకుంటుండగా ఫోను మోగింది.

"బాబాయ్ గారూ, గది నంబరు జీ పదిహేడు. పైనుంచి నీళ్ళు కారుతున్నాయట."

"అది టైపు గదికి ఇవతలా అమ్మా, అవతలా?"

"టైపు గదేంటండీ?"

"టైపు మిషన్లు ఉండేవిలే."

"ఇప్పుడున్నాయా?"

"నువ్వు పుట్టకముందే పోయాయి తల్లీ. మా బావ పెట్టిన పేరది."

బావంటే అక్క మొగుడు. ఇదే భవనానికి ఎలక్ట్రీషియన్, బాబాయిని పనిలో పెట్టించిందీ, గదులన్నిటికీ పేర్లు పెట్టిందీ ఆయనే. పెద్దాఫీసరు చేత చీవాట్లు తిన్నవాళ్ళు వెళ్ళి ముక్కు చీదుకునే చోటు ఏడుపు గది. ఒక గుమాస్తా రోజూ ఏదో ఫైలు వంక పెట్టుకుని టెలిఫోను అమ్మాయి దగ్గర తేలే చోటు పెళ్ళిచూపుల గది. "పెళ్ళిచూపుల్లో బల్బు పోయిందిరా" అని బావ కేకేస్తే, బాబాయి కళ్ళు మూసుకుని నిచ్చెన మోసుకెళ్ళేవాడు. ఎంత నవ్వుకునేవారో! రెండో కంపెనీ వచ్చాక బావని వద్దన్నారు. ఆ తర్వాత రెండేళ్ళే బతికాడు మహానుభావుడు. ఆయన లేని ఈ భవనమంటే బాబాయికి ఇప్పటికీ దిగులే.

ఇప్పుడు తలుపులకి గోరంత నంబరు స్టిక్కర్లు. బాబాయి కళ్ళజోడు సర్దుకుంటూ ప్రతి తలుపు దగ్గరా వంగి చూశాడు. పదిహేనుంది, పదహారుంది, పద్దెనిమిదుంది. పదిహేడు మాత్రం ఎక్కడా లేదు. పన్నెండు నిమిషాలు ఇట్టే అయిపోయాయి. మళ్ళీ హెల్ప్‌డెస్క్‌కే ఫోన్ చేశాడు.

"అమ్మా, నా ఉద్యోగం నీ చేతిలో ఉంది."

ఆ పిల్ల విసుక్కోలేదు. "ఎదురుగా ఉన్న గదులకి మీ పేర్లు చెప్పండి, నా మ్యాపులో రాసుకుంటాను" అంది. ఏడుపు గది అనగానే కిసుక్కున నవ్వింది. "అది దాటి, మెట్ల కింద చూపిస్తోంది బాబాయ్ గారూ. అద్దాల తలుపట."

"మెట్ల కిందా?" అంటూనే బాబాయి పరుగు తీశాడు.

అద్దాల గదిలో నలుగురు బల్ల చుట్టూ కూర్చుని, తడవకుండా ల్యాప్‌టాప్‌లు పక్కకి జరుపుకుంటున్నారు. బాబాయి కుర్చీ ఎక్కి, సీలింగ్ పలక తప్పించి, చెయ్యి లోపలికి పెట్టి జాయింటు బిగించాడు. నీళ్ళు ఆగాయి.

"ఇరవై ఎనిమిది నిమిషాలు! గట్టెక్కారు బాబాయ్ గారూ" అంది ఫోన్లో ఆ అమ్మాయి. "ఇంతకీ ఈ గదికి మీ బావగారు ఏం పేరు పెట్టారు? అది కూడా రాసేస్తాను."

బాబాయి ఆ బల్ల వైపు చూశాడు. ఈ అద్దాలు పెట్టకముందు సరిగ్గా అక్కడే, పనిముట్ల పెట్టె మీద క్యారేజీ విప్పుకుని, బావా తనూ ఇరవై ఏళ్ళు అన్నం తిన్నారు.

"దీనికి పేరు లేదమ్మా" అన్నాడు. "అన్నం వేళకి 'పదరా' అనేవాడు. అంటే ఇక్కడికే."