నీల గొంతుకు నలభై అడుగుల తీగ

ఆ రోజు నా చేతిలో ఉన్నవి రెండు తీగలు. ఒకటి మూడడుగుల మామూలుది. రెండోది జగిత్యాలలో మూతపడిన ఫంక్షన్ హాల్లో కొన్న నలభై అడుగుల బ్యాలెన్స్‌డ్ కేబుల్. కోరుట్లలోని నా సౌండ్ సామాన్ల దుకాణంలో ఏడాదిగా దాన్ని అడిగినవాళ్లు లేరు.

సిరిసిల్ల నుంచి రాజనర్సు, ఆయన బిడ్డ అలేఖ్య వచ్చారు. భార్య నీల పోయాక రాజనర్సు మరమగ్గాలు అమ్మేశాడు. ఆమె మాటలున్న పాత క్యాసెట్ దొరికితే అలేఖ్య పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది.

"పెన్‌డ్రైవ్ పెట్టే సౌండ్ మిక్సర్ ఇంట్లుంది సేటూ, స్పీకర్ మగ్గాల షెడ్డుల. గుయ్యిమనుడే గని అమ్మ మాట ఒక్కటి ఇనవడ్తలేదు" అంది అలేఖ్య.

"రెండూ ఇంట్లనే పెట్టుకోరాదుండ్రి?"

"బాపు షెడ్డు ఇడిసి రాడు. మగ్గాలు లేకున్నా గాడనే కూసుంటడు."

వాళ్ల తీగ పక్క షెడ్డు మోటార్ల వైర్లను ఆనుకుని పోతోందట. మామూలు తీగ దారిలో తగిలిన రొదనంతా మోసుకొస్తుంది. బ్యాలెన్స్‌డ్ తీగలో మాట లోపలి రెండు సన్న నరాల మీద, ఒకటి తిన్నగా, ఒకటి తిరగేసి వస్తుంది. చివర తిరగేసినదాన్ని మళ్లీ సరిచేసి రెంటినీ కలిపేటప్పుడు రెంటి మీదా సమానంగా పడ్డ రొద చెల్లిపోతుంది. అయితే మిక్సర్‌కూ స్పీకర్‌కూ మూడు పిన్నుల సాకెట్లుండాలి, లేకుంటే దండగ. వాళ్లకున్నాయి. నేనే సిరిసిల్ల పోయి తీగ వేశాను.

సగం రొదే పోయింది.

"పాత సరుకు మాకంటగట్టినవా సేటూ?" అంది అలేఖ్య.

స్పీకర్‌ను ఇంట్లోకి తెచ్చి, మూడడుగుల తీగతో పెట్టి చూశాను. అదే రొద. అప్పుడు తెలిసింది నా పొరపాటు. క్యాసెట్ నింపినప్పుడే నీల, మగ్గం నడుస్తుండగా దాని పక్కన నిలబడి మాట్లాడింది. మాటతోనే పుట్టిన రొదను ఏ తీగా ఆపలేదు.

రాజనర్సు అన్నాడు: "మగ్గం బంద్ వెట్టి ఎన్నడు మాట్లాడుకోలే సేటూ. పెదవులు జూసే సమజ్ చేసుకునేటోన్ని, ముప్పై ఏండ్లు. గొంతు ఎట్లుంటదో యాదికొస్తలేదు."

స్పీకర్‌ను మళ్లీ షెడ్డులో పెట్టి, పెద్ద తీగ కలిపాను. రాజనర్సు స్పీకర్‌కు చెవి ఆనించాడు. రొద అడుగు నుంచి సన్నగా వచ్చింది:

"చాయ్ సల్లారుతంది. మగ్గం ఆపు."

"ఆపినవా బాపూ?" అంది అలేఖ్య.

"లే, బిడ్డా."

పెద్ద తీగ అక్కడే వదిలి, చిన్నది చుట్టుకుని కోరుట్ల బస్సెక్కాను. తీగ తీసేసింది సగం రొద. రాజనర్సుకు దక్కినవి నాలుగు మాటలు. ఇప్పుడు ఆపుదామన్నా మగ్గం లేదు.