కాచి చల్లార్చిన నీళ్ళు

అమలాపురం కాలేజీలో బోటనీ చెప్పే లీలావతి ఆ మొక్కను విశాఖ మన్యం నుంచి తెచ్చుకుంది. రూపాయి బిళ్ళంత మొక్క. ఎర్రటి ఆకుల నిండా సన్నని నూగు, నూగు కొసన మెరిసే జిగురు బొట్లు. చీమ ఎక్కిందంటే అంటుకుపోవడమే. ఆకు మెల్లగా ముడుచుకుని దాన్ని జీర్ణం చేసుకునేది. కొబ్బరిపొట్టును ఉప్పు పోయేదాకా కడిగి, ఇసుక కలిపి, కుండీలో నాటి, కిటికీ పక్కన ట్యూబులైటు కింద పెంచింది. పోసేది వాననీళ్ళే.

అన్నగారు పోయాక వదిన ముత్యాలు ఆమె దగ్గరే ఉంటోంది. మొదట్లో "ఇదేం మొక్క లీలమ్మా, ప్రాణాలు తింటాది" అని మొహం తిప్పుకున్న మనిషి, పోనుపోను కాఫీ గ్లాసుతో దాని ముందే కూర్చునేది.

2003 వేసవిలో లీలావతి పేపర్లు దిద్దడానికి కాకినాడ వెళ్ళింది. "కుండీ కింద పళ్ళెంలో నీళ్ళు ఆరనివ్వకు వదినా" అని మాత్రం చెప్పింది.

తిరిగొచ్చేసరికి ఆకులు నల్లబడి మట్టికి అంటుకుపోయి ఉన్నాయి.

"ఏం పోసేవు?"

"వాననీళ్ళు అయిపోయేయి. బోరు నీళ్ళే కాచి, చల్లార్చి, వడగట్టి పోసేను. చంటిపిల్లకి పట్టినట్టే పట్టేనమ్మా."

బోరు నీళ్ళలో ఉప్పు ఆ మొక్కకు పడదు; నీళ్ళు కాస్తే ఆ ఉప్పు పోదు, ఇంకా చిక్కబడుతుంది. ఆ ముక్క చెప్పి ఊరుకుంటే సరిపోయేది.

"తెలియని పని నిన్నెవరు చెయ్యమన్నారు? నా ఇంట్లో నాదంటూ ఒక్కటి ఉండనివ్వవా?"

ముత్యాలు తల దించుకుంది. "ఆయ్, తప్పయిపోయిందండి" అంది.

ఎన్నడూ లేని ఆ 'అండి'ని లీలావతి కోపంలో పట్టించుకోలేదు. ఆ రోజు నుంచి పప్పు నానబెట్టాలన్నా, కిటికీ తియ్యాలన్నా ముత్యాలు అడిగి చేసేది. ఆషాఢం రాకముందే ముమ్మిడివరంలో తమ్ముడింటికి వెళ్ళిపోయింది. నాలుగు రోజులుంటే తనే వస్తుందిలే అని లీలావతి ఆపలేదు.

వానలు మొదలయ్యాక, పెరట్లో పడేసిన కుండీలో రాలిన గింజలు మొలిచాయి. ఆవగింజంత మొలకలు. లీలావతి ఆ పూటే ముమ్మిడివరం బస్సెక్కింది.

"మొక్కలు మళ్ళీ వచ్చేయి వదినా. ఏ నీళ్ళు పొయ్యాలో చెప్పకపోవడం నా తప్పే. ఇంటికి వచ్చెయ్యి."

"మొక్క సంగతి ఎప్పుడో మర్చిపోయేనండి" అంది ముత్యాలు, కాఫీ చేతికిస్తూ. "నా ఇల్లు అన్నారు. అది నిజమే కదండీ. అన్నాళ్ళూ నాకే తోచలేదు."

లీలావతి కాఫీ తాగి లేచింది. ముత్యాలు బస్టాండు దాకా వచ్చి, ఆమెకు సీటు దొరికేవరకూ నిలబడింది.

ఆ తర్వాతా అప్పుడప్పుడూ చూడటానికి వచ్చేది. పొద్దుగూకకముందే లేచేది. ఈ రాత్రికి ఉండిపొమ్మని అనడానికి లీలావతికి ఒక్కసారీ నోరు రాలేదు.