కొత్త కారుకి దిష్టి

ఆ కారు కంపెనీ పేరు చెప్పను. పద్నాలుగేళ్లు దాని స్టీరింగు పట్టుకున్న నాకే ఆ పేరు ఇంతవరకూ నోరు తిరగలేదు, ఇక మీకేం తిరుగుతుంది? మాచర్లలో అందరూ దాన్ని గోపాలరావు గారి రెండు తలుపుల కారు అనేవాళ్లు. పొడుగాటి బానెట్టు, ముందు ఇద్దరికి దర్జాగా చోటు, వెనక ఇద్దరికి మోకాళ్లు గడ్డానికి తగిలేంత చోటు. దూరప్రయాణాల కోసమే చేసిన కారట. మాచర్లలో ఎక్కి బెంగుళూరులో దిగినా నడుము నెప్పి అనే మాట ఉండదు.

గోపాలరావు గారికి క్వారీ ఉంది, కంకర కొట్టే క్రషర్ ఉంది. కార్లంటే ఆయనకి ప్రాణం. డ్రైవింగ్ మాత్రం రాదు. నేర్చుకున్న మూడో రోజే సొంత ఇంటి గేటు స్తంభం పడగొట్టారు. అప్పటి నుంచి ఎడమ సీటు ఆయనది, కుడి సీటు నాది. ఊరు దాటగానే కళ్లు మూసుకుని ఇంజను చప్పుడు వినేవారు. "ఇంకాస్త లాగరా తిరపతీ" అనేవారు. లాగేవాణ్ణి. ఆ చప్పుడుకి ఆయన మొహంలో వచ్చే సంతోషం చూస్తే నాకు కడుపు నిండేది.

నిరుడు ఆ కంపెనీవాళ్లకి ఏం పుట్టిందో గానీ కారు మొత్తం మార్చేశారు. ఫొటోలు బయటికి వచ్చిన రోజున గోపాలరావు గారి వాట్సాప్ గ్రూపు అగ్గయిపోయింది. గుంటూరు, నరసరావుపేట, నల్గొండ, విజయవాడ నుంచి నలభైమంది కార్ల పిచ్చోళ్లు అందులో ఉన్నారు. ముక్కు పందిముక్కులా ఉందని ఒకరు, గుండ్రటి దీపాలు తీసేసి గీతలు పెట్టిన చేతులు విరగ్గొట్టాలని ఒకరు. ఇంజనుకి బ్యాటరీ తగిలించి గొంతు నొక్కేశారని నరసరావుపేట డాక్టరు పున్నారావు గారు ఏకంగా సంతాపం పెట్టారు. గోపాలరావు గారు అవన్నీ నాకు చదివి వినిపించేవారు. ఎవరేమన్నారో చెప్పేవారు గానీ, నువ్వేమంటావురా అని నన్ను అడగలేదు. డ్రైవర్ని ఎవరడుగుతారు?

కొత్తది బాగుందన్నది ఒక్క ఇంద్రజే. ఆమె గోపాలరావు గారి కూతురు. క్రషర్ ఆఫీసు మొత్తం ఆమె చేతి మీదే నడుస్తుంది. నలభైమందితో ఒంటరిగా వాదించి, చివరికి తండ్రిని ఒప్పించి ఆ కారే కొనిపించింది. ఇంద్రజకి డ్రైవింగ్ నేర్పింది నేనే, సాగర్ కుడికాలువ కట్ట మీద, పాత కారులో. అప్పట్లో ఒకసారి తుమ్మచెట్టుకి కారు గీరుకుంది. బ్రేకు పడలేదు బాబాయ్ అంది. బ్రేకు బంగారంలా ఉంది. "తప్పు మనదైతే బండి మీద తొయ్యగూడదమ్మా, అది నోరులేనిది" అన్నాను. ఆ పిల్ల తలొంచుకుని వెళ్లి తండ్రికి నిజం చెప్పింది. ఆ రోజు ఆమె మీద నాకు ఎంత గౌరవం కలిగిందో!

కొత్త కారు వచ్చిన వారానికి గోపాలరావు గారు నన్ను పిలిచారు.

"ఆదివారం విజయపురి సౌత్‌లో మనోళ్లందరినీ రమ్మన్నా. చూస్తారు, ఎక్కుతారు, చెప్తారు. బాగుందంటే ఇది ఉంటది, పాతది అమ్మేద్దాం. బాలేదంటే ఇది వాపసు, షోరూమోళ్లతో మాట్లాడే ఉంచా."

"మరి నేనయ్యా?"

"దీనికి డ్రైవరెందుకురా? దాని దారి అదే చూసుకుంటది, దాని బ్రేకు అదే ఏసుకుంటది. పాప తోలుకుంటది. నువ్వు కాటా దగ్గర కూర్చో. లారీల బరువు రాసుకోవడమే. నీ జీతానికేం ఢోకా లేదులే."

కాటా దగ్గర కుర్చీ! దుమ్ములో, రేకుల కింద. జీతం సంగతి నేనడిగానా? ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చున్నా ముద్ద దిగలేదు. నాకింకో భయం కూడా ఉంది, అది నా భార్య మంజులకి కూడా చెప్పలేదు. ఆర్నెల్ల నుంచి కుడి అరికాలు తిమ్మిరెక్కుతోంది. షుగరు వల్లనేమో. డాక్టరు దగ్గరికి వెళితే రాసిస్తాడు, రాసిస్తే అందరికీ తెలుస్తుంది. అందుకే వెళ్లలేదు. బండి ఎక్కే ముందు కాలు నేలకేసి నాలుగుసార్లు కొట్టుకుంటే అదే సర్దుకునేది.

ఆదివారం పొద్దున బయల్దేరుతుంటే మంజుల నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు గుచ్చిన దండ ఇచ్చింది.

"అంతమంది కళ్లు పడే బండి. కట్టకుండా తీసకపోతావా ఏంది?"

పాత కారుకి పద్నాలుగేళ్లుగా ప్రతి శనివారం కడుతూనే ఉన్నాను. నంబరు ప్లేటు కింద దానికని ఒక బెజ్జం ఉంది. కొత్తదానికి అలాంటిదేం లేదు, అంతా నున్నగా ఉంది. వెతికి వెతికి ఆ పందిముక్కు కమ్మీకి నల్లదారంతో బిగించాను. కమ్మీ కింద బంపరు మీద పావలా బిళ్లంత గుండ్రటి మచ్చ ఉంది. ఏ బోల్టు మూతో అనుకున్నాను. కడుతున్నానే గానీ, ఈ కారు అందరి ముందూ పరువు పోగొట్టుకోవాలని నా మనసు కోరుకుంటూనే ఉంది. చేత్తో దిష్టిదండ కడుతూ కళ్లతో దిష్టి పెట్టింది నేనే.

గోపాలరావు గారు ఎడమ సీటులో, ఇంద్రజ వెనక మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. ఊరి చివర స్పీడ్ బ్రేకర్ దగ్గర నెమ్మది చేశాను. అంతే. టీవీ అంత తెర ఎర్రబడింది, కీచుమని మోత, కారు కొయ్యబారినట్టు ఆగిపోయింది. గోపాలరావు గారి నుదురు ముందుకెళ్లి వచ్చింది.

"ఏందిరా తిరపతీ!"

"నేను తొక్కలేదయ్యా."

తొక్కలేదా? నిజంగానా? కాలి వైపు చూసుకున్నాను. అరికాలు మొద్దుగా ఉంది. పెడల్ మీద ఉందో లేదో కూడా తెలియడం లేదు. చెమటలు పట్టాయి. ఏసీ చల్లగా తగులుతుంటే చొక్కా వీపుకి అతుక్కుపోయింది. రోడ్డెక్కి వేగం అందుకున్నాక కారు వెన్నలా సాగింది. ఫారెస్టు చెక్‌పోస్టు దగ్గర నెమ్మది చేయగానే మళ్లీ అదే కీచు, అదే కుదుపు.

"బాబాయ్, ఒంట్లో బాగానే ఉందా?" అంది ఇంద్రజ వెనక నుంచి.

"బాగానే ఉందమ్మా" అన్నాను.

విజయపురి సౌత్‌లో గెస్ట్ హౌస్ ముందు ఖాళీ స్థలంలో పదిహేనుమంది దాకా కాచుకుని ఉన్నారు. కారు దిగీ దిగగానే చుట్టుముట్టారు. పెళ్లిచూపుల్లో పిల్లని కూడా అలా చూడరు. పున్నారావు గారు చుట్టూ తిరిగి, వంగి, లేచి, పెదవి విరిచారు.

"వెనకనుంచి చూస్తే కారే. ముందునుంచి చూస్తే జాలేస్తంది గోపాలరావ్."

"కూర్చుంటే మాత్రం మెత్తగ ఉన్నదన్నా" అన్నాడు నల్గొండ నుంచి వచ్చినాయన, లోపల దూరి. గుంటూరులో కార్ల వీడియోలు చేసే ముంతాజ్ ఫోను పట్టుకుని, "డాక్టరు గారూ, తోలి చూశాక తిట్టండి" అంది. ఇంద్రజ ఆశగా నా వైపు చూసింది.

"బాబాయ్, నెమ్మదిగా ఒక రౌండ్ తిప్పు. అందరికీ కనపడాల."

నెమ్మదిగా! అదే కదా నా గండం. పున్నారావు గారిని పక్కన కూర్చోబెట్టుకుని కదిలించాను. పది గజాలు వెళ్లిందో లేదో కీచుమని ఆగింది. మళ్లీ కదిలించాను. మళ్లీ ఆగింది. మూడోసారికి ఆయన కళ్లజోడు జారి ఒళ్లో పడింది. ముందు మనిషి లేడు, కుక్క లేదు, గడ్డిపరక లేదు. బయట జనం నవ్వడం మొదలుపెట్టారు. ముంతాజ్ మొత్తం తీసింది.

"దెయ్యాన్ని చూసి ఆగుతోందయ్యా మీ కారు" అన్నారు పున్నారావు గారు దిగుతూ. "అందం లేదు, చప్పుడు లేదు, బుద్ధన్నా ఉందనుకున్నా. అదీ లేదు."

పది నిమిషాల్లో ఆ వీడియో గ్రూపులోకి, అక్కణ్ణుంచి ఎక్కడెక్కడికో వెళ్లిపోయింది. కింద రాతలు వచ్చిపడుతున్నాయి. ఆడపిల్ల మాట విని కారు కొంటే ఇంతేనని ఎవడో రాశాడట. గోపాలరావు గారి మొహం మాడిపోయింది. నా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యేశారు.

"రేపే దీన్ని వాపసు పంపిద్దాం. మనకి పాతదే దిక్కురా తిరపతీ."

ఆ మాటకి నా గుండె ఎగిరి గంతేసింది. అబద్ధం ఎందుకు చెప్పాలి? తప్పు నా కాలిది కాదు, కారుదే. నా సీటు నాకుంది. ఆ సంతోషంలో గుడ్డ తీసుకుని, అలవాటు కొద్దీ కారు ముందుభాగం తుడవడానికి వంగాను.

నిమ్మకాయ ఊగుతోంది. ఆ గుండ్రటి మచ్చకి సరిగ్గా ఎదురుగా, జానెడు దూరంలో. దాన్ని వేలితో పక్కకి నెట్టాను, వదిలాను. మళ్లీ అక్కడికే వచ్చి నిలబడింది. వేగంగా వెళ్లేటప్పుడు గాలికి బంపరు కిందికి పోయి ఉంటుంది, నెమ్మది చేయగానే ముందుకొచ్చి కంటి ముందు వేలాడుతుంది. అది బోల్టు మూత కాదు, అడ్డమొచ్చినదాన్ని చూసి బ్రేకు వేయించే కారు కన్ను. కంటికి అడ్డంగా నిమ్మకాయ కట్టి, గుడ్డిదని తిట్టించాను.

చుట్టూ చూశాను. ఎవరూ నా వైపు చూడటం లేదు. లేచి నిలబడి గుడ్డ దులిపితే చాలు, రేపు కారు వాపసు వెళ్లిపోతుంది. కాటా లేదు, దుమ్ము లేదు. లేవబోయాను కూడా.

గెస్ట్ హౌస్ మెట్ల మీద ఇంద్రజ ఒక్కతే కూర్చుని ఉంది. ఫోను చూస్తూ చున్నీతో కళ్లు తుడుచుకుంటోంది. క్రషర్‌లో లారీవాళ్లు కేకలేస్తే తిరిగి కేకేసే పిల్ల అది. ఆమె ఏడవడం నేనెప్పుడూ చూడలేదు, తుమ్మచెట్టు రోజున తప్ప.

దండ తెంపి చేత్తో పట్టుకుని గోపాలరావు గారి ముందుకి వెళ్లాను.

"అయ్యా, తప్పు బండిది కాదు, నాది. దాని కంటికి అడ్డంగా ఇది కట్టా."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వులు ఆగలేదు. నల్గొండ ఆయన పొట్ట పట్టుకుని, "గంత పెద్ద కంపెనీ కారు, గీ నిమ్మకాయకు భయపడ్డదా!" అన్నాడు. గోపాలరావు గారు నవ్వలేదు. నా మొహంలోకి చూశారు, దండ వైపు చూశారు.

"తెలిసే కట్టావా?"

"లేదయ్యా. ఇప్పుడే తెలిసింది."

"మరి నోరు మూసుకుని ఉండొచ్చుగా?"

ఇంద్రజ మెట్లు దిగి వస్తోంది. ఆమె వైపు చూశాను. ఆ తుమ్మచెట్టు రోజు మాట ఆమెకి గుర్తుందో లేదో తెలియదు గానీ, నా చేతిలోంచి కారు తాళం తీసుకునేటప్పుడు నా వేళ్లు గట్టిగా నొక్కింది.

ఆమె తోలింది. నెమ్మదిగా, వేగంగా, ఎత్తు ఎక్కి, పల్లం దిగి. ఒక్కసారి కూడా ఆగలేదు. ముంతాజ్ ఇంకో వీడియో తీసి, నిమ్మకాయ సంగతి చెప్పి, ముందుదానికి లెంపలేసుకుంది. ఎక్కి దిగిన ప్రతివాడి మాటా మారిపోయింది. సీటు గురించి ఒకరు, మలుపులో నేలకి అతుక్కుపోవడం గురించి ఒకరు. పున్నారావు గారు రెండుసార్లు ఎక్కారు. "ముక్కు ముక్కేగానీ, లోపల కూర్చుంటే ముక్కు కనపడదు కదా" అని రాజీకి వచ్చారు. అందరూ ఇంద్రజ చుట్టూ చేరారు. నేను చెట్టు కింద నిలబడి కాలు నేలకేసి కొట్టుకుంటున్నాను.

తిరుగు ప్రయాణంలో ఇంద్రజ కుడి సీటులో కూర్చుంది. గోపాలరావు గారు ఎడమ సీటులో కూర్చోబోతూ ఆగారు.

"తిరపతీ, నువ్వు ఎనకెక్కు."

పద్నాలుగేళ్లలో వెనక సీటు ఎలా ఉంటుందో నాకు తెలియదు. తుడవడమే తెలుసు. మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాను. జేబులో నిమ్మకాయలు ఒత్తుకుంటున్నాయి. కారు చప్పుడు లేకుండా అడవి దాటింది. ప్రతి మలుపులో నా చేతులు గాలిలో తిరగబోతుంటే తొడల కింద పెట్టుకున్నాను.

మాచర్ల ఇంకో ఐదు కిలోమీటర్లు ఉందనగా, రోడ్డు పక్క కంపల్లోంచి మేకపిల్ల ఒకటి ఉన్నట్టుండి అడ్డంగా దూకింది. ఇంద్రజ అరిచింది. కీచుమని కారు దానంతటదే ఆగింది. మేకపిల్ల మమ్మల్ని ఒకసారి చూసి, తోకాడించుకుంటూ అవతలికి పోయింది.

అప్పుడు, అంతా అయిపోయాక, నా కుడి కాలు ముందు సీటు వెనక్కి గట్టిగా తన్నింది. బ్రేకు అనుకుని.

ఆ సీటు ఇంద్రజది. ఆమె అద్దంలోంచి నన్ను చూసింది. ఇది పాత కారై, నేను ఆ సీటులో ఉంటే మేకపిల్ల ఏమయ్యేదో ముగ్గురికీ తెలుసు. నాకు ఇంకా బాగా తెలుసు.

ఊరు దగ్గరపడ్డాక గోపాలరావు గారు వెనక్కి తిరగకుండానే అడిగారు.

"ఏం తిరపతీ, అందరూ చెప్పారు, నువ్వు చెప్పలా. ఎట్టుంది కారు?"

కిటికీలోంచి క్రషర్ దుమ్ము కనిపిస్తోంది.

"చానా బాగుందయ్యా" అన్నాను.