బంగారురాజు వద్దన్న స్టీరింగు

మలేషియా నుంచి ఇనుపగనుల ఊరు బచేలికి వచ్చిన నాలుగు రోజుల్లో బంగారురాజుకి బాగా తెలిసొచ్చిన సంగతి ఒకటే. జయరావు ఇంట్లో ‘వద్దు’ అనే మాటకి విలువ లేదు. చాలంటే ఇంకో గరిటె పడుతుంది. నిజంగా చాలంటే రెండు పడతాయి. కడుపు నిండిపోయిందని ఒట్టేస్తే జయరావు భార్య ప్రమీలారాణి నవ్వుకుంటూ వెళ్లి నేతిగిన్నె పట్టుకొస్తుంది.

తాతల కాలంలో విజయనగరం వైపు నుంచి ఓడెక్కి వెళ్లిన కుటుంబం అతనిది. అక్కడ పామాయిల్ తోటలో సూపర్‌వైజరు. ఇరవై ఏళ్లు ల్యాండ్‌రోవర్ వేసుకుని బురదలూ వాగులూ ఈదిన మనిషి. మేనత్త కొడుకు వరసయ్యే జయరావుకి ఆ సంగతులన్నీ ఉత్తరాల్లో కథలు కథలుగా రాసేవాడు. రాయనిది ఒక్కటే. రెండేళ్ల కిందట ఒక వాగులో బండి బోల్తా కొట్టింది. పక్క సీట్లో ఉన్న స్నేహితుడు ఆర్నెల్లు మంచానికి అతుక్కుపోయాడు. అప్పట్నుంచీ స్టీరింగు పట్టుకుంటే బంగారురాజు చేతులు వణుకుతాయి. అందుకని పట్టుకోవడమే మానేశాడు.

జయరావు గని వర్క్‌షాపులో మెకానిక్కు. వేలంలో కొన్న పాత జీపుని మూడేళ్లు తంటాలు పడి బతికించాడు. ప్రతి ఆదివారం స్నేహితుల్ని ఎక్కించుకుని దారి లేని చోటల్లా దాన్ని తోలుకుపోతాడు. వారమంతా డంపరు లారీల కింద పడుకుని నట్లు బిగించేవాళ్లకి సెలవు రోజున కూడా బండే కావాలంటే, అదొక పిచ్చి. ఆ పిచ్చివాళ్లందరూ బంగారురాజు ఉత్తరాలు చదివినవాళ్లే.

ఆ ఆదివారం భోజనాల కేరియరుతో బయల్దేరిన ప్రమీలారాణితో కలిపి ఆరుగురు ఇరుక్కుని కూర్చున్నారు. రాళ్ల మీద జీపు గెంతినప్పుడల్లా ఒకరి మోకాలు ఇంకొకరి డొక్కలో దిగింది. వెనక సీట్లో బంగారురాజు పడీపడీ నవ్వాడు. రెండేళ్లలో బండెక్కి అంత హాయిగా ఎప్పుడూ లేడు. వాగు దగ్గర జయరావు జీపు ఆపి దిగేదాకా ఆ హాయి అలాగే ఉంది.

“రా బావా. ఈ వాగు నీదే.”

“వద్దు జయరావూ. నువ్వే నడుపు.”

“మన బండి కాడ మొగమాటమేటి?”

“మొహమాటం కాదు. నిజంగా వద్దు.”

ఆ ‘నిజంగా’తో పని చెడింది. ఇద్దరు అతన్ని కిందికి దించారు, ఇంకొకరు డ్రైవరు సీటు తుడిచారు. “అన్నయ్యకి సిగ్గెక్కువ. బోయినాల కాడా ఇంతే” అని ప్రమీలారాణి తీర్పు చెప్పేసింది. పాపం, వాళ్లది వట్టి ప్రేమ.

స్టీరింగు మీద చేతులు పెట్టగానే వణుకు మొదలైంది. నడుం నొప్పని చెబుదామనుకున్నాడు. చెబితే అక్కడే పడుకోబెట్టి తైలం రాసేలా ఉన్నారు. ఇక దాచి లాభం లేదనిపించింది.

“రెండేళ్ల కిందట ఇలాంటి వాగులోనే బండి తిరగేశాను. పక్కనున్నవాడి కాలు విరిగింది. నాకు భయం, జయరావూ” అన్నాడు తలెత్తకుండా.

జయరావు మొహం చిన్నబోయింది. “నాకేటి తెల్సు బావా. దిగిపో, నేను తోల్తాను.”

ఇన్నాళ్లకి అతని వద్దుకి విలువ దొరికింది. తీరా దొరికాక బంగారురాజుకి దిగాలనిపించలేదు. దిగితే ఈ జన్మకి ఇంతేనని తెలుస్తోంది.

డంపరు నడిపే సోమారు ఈ ప్రాంతంవాడే. వర్క్‌షాపులో తెలుగు నేర్చుకున్నాడు. అతను జీపు దగ్గరికొచ్చి, “ఆ రోజు ముందు నడిచి చూసినారా భయ్యా?” అని అడిగాడు.

“లేదు. బండి మీద నమ్మకం.”

“మేం ముందు నడుస్తాం. తర్వాతే గాడీ.”

మగాళ్లందరూ ప్యాంట్లు మడిచి వరసగా వాగులో దిగారు. బంగారురాజూ దిగాడు. నీళ్లు మోకాలి లోతు, కొండమట్టి కలిసి ఎర్రగా ఉన్నాయి. అరికాళ్లతో ఒక్కొక్క రాయినీ తడిమారు. ఎడమ పక్కన గుంట తగిలింది. దాని అంచున సోమారు రెండు కొమ్మలు పాతాడు.

వెనక్కి వచ్చాక బంగారురాజు సీట్లో కూర్చుని, “మీరంతా నడిచి అవతలికి వెళ్లండి. నేనొక్కణ్ణే తెస్తాను” అన్నాడు.

ఆ మాట ఎవరూ లెక్కచేయలేదు. ప్రమీలారాణి కేరియరు ఎత్తుకుని అతని పక్క సీట్లో ఎక్కింది. “నడిస్తే సీర తడుస్తాది అన్నయ్యా. పోనీ” అంది. మిగతావాళ్లు వెనక ఎక్కారు.

చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఆ చేతుల్తోనే మొదటి గేరు వేశాడు. నీళ్లు చక్రాలెక్కాయి. నడుమ జీపు ఎడమకి ఒరిగింది. అతను కొమ్మల్ని చూసుకుంటూ కుడికి తిప్పాడు. ముందు చక్రాలు అవతలి ఇసుక పట్టాయి, వెనక చక్రాలూ పట్టాయి.

గట్టెక్కగానే బంగారురాజు పక్క సీటు వంక చూశాడు. కేరియరు పొట్టకి అదుముకుని ప్రమీలారాణి నిక్షేపంగా కూర్చుని ఉంది.

“ఏటలా సూస్తన్నావు? పులుసు ఒలకనేదు” అంది.

అతనికి అందరి ముందూ ఏడుపొచ్చేసింది. ఏడుస్తూనే రెండో గేరు వేశాడు.